వీ-క్రాస్ ఆటోమేటిక్‌కి రీమ్యాప్ చేయిస్తే గేర్‌బాక్స్ తట్టుకుంటుందా?

కరకంబాడి ఫోర్‌బైఫోర్

అన్నలందరికీ నమస్కారం. బండి 2022 ఇసుజు వీ-క్రాస్ 1.9 డీజిల్, ఆరు గేర్ల ఆటోమేటిక్, 68,000 కి.మీ. తిరిగింది. వారానికి రెండు తూర్లు తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ ఎక్కి మదనపల్లెకి, నెలకొకసారి చిత్తూరు, మొగిలి ఘాట్ మీదగా పలమనేరుకి. వెనకాల నాలుగైదు వందల కిలోల లోడు ఉంటుంది. 255/60 ఆర్18 టైర్లు తీసేసి 265/65 ఆర్18 వేసినాము. అప్పటినుంచి ఘాట్లో బండి మందంగా పోతా ఉంది.

రెండు దారులు కనపడతా ఉన్నాయి. ఒకటి ఇంజిన్‌లో డీజిల్ ప్రెషర్ చూసే రైల్ సెన్సర్‌కి తగిలించే ట్యూనింగ్ బాక్స్. గంటలో బిగించేయొచ్చంటున్నారు. రెండోది ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ లోపలి సాఫ్ట్‌వేర్ లెక్కలు మార్చడం. టార్క్ (తిప్పే బలం) 360 ఎన్ఎం ఉన్నదాన్ని 440 చేసిస్తామంటున్నారు. గేర్‌బాక్స్ గురించి అడిగితే ఇద్దరూ "ఏమీ కాదు" అన్నారు, ఎందుకు కాదో చెప్పలేదు.

నాకు తెలియాల్సింది మూడు. రెండింటిలో గేర్‌బాక్స్‌కి ఏది తక్కువ చెడుపు? 440 ఎన్ఎంకి లోపల ప్లేట్లు ఆగుతాయా? చేయించే ముందు గేర్‌బాక్స్‌కి ఏమైనా పని చేయించాలా? ఇంకో మాట, 60-70 స్పీడులో సన్నగా యాక్సిలరేటర్ పట్టుకుని పోతా ఉంటే అప్పుడప్పుడు గరుకు రోడ్డు మీద పోయినట్టు ఒక అదురు వస్తుంది. టైర్ల వల్ల అనుకుంటున్నా.

వాల్వ్‌బాడీ చిత్తూరు

ముందు మీ చివరి మాట పట్టుకుంటా, ఎందుకంటే అది టైర్ల అదురులా లేదు. టైరు బ్యాలెన్స్ అదురు స్పీడు పెరిగేకొద్దీ పెరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలినా పోదు. మీరు చెప్పేది సన్న థ్రాటిల్‌లో, ఒకే స్పీడు దగ్గర వస్తోంది. ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది టార్క్ కన్వర్టర్, ఆ రెండింటినీ నేరుగా కలిపి పట్టేది అందులోని లాకప్ క్లచ్. అది జారి పట్టుకుంటా, జారి పట్టుకుంటా ఉంటే వచ్చే అదురు కావచ్చు. ఒక పరీక్ష చేయండి. అదురు వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ అలాగే పట్టుకుని ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రం తాకండి, వెనక బండి లేనప్పుడు. బ్రేక్ స్విచ్ సిగ్నల్ రాగానే లాకప్ విడిపోతుంది. ఆ క్షణమే అదురు ఆగి, ఆర్‌పీఎం కాస్త పైకి లేస్తే అది లాకప్పే. ఆ ఫలితం చూడకుండా ఏ ట్యూనింగూ చేయించొద్దు.

ఇక అసలు ప్రశ్న. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చచ్చేది పవర్ ఎక్కువైనందుకు అని అందరూ అనుకుంటారు. చాలా బండ్లలో అది చచ్చేది ఇంజిన్ తనకు తప్పుడు లెక్క చెప్పినందుకు.

లోపల ప్రతి గేరుకీ కొన్ని క్లచ్ ప్యాకులు పట్టుకుంటాయి. ఆ ప్లేట్లు ఎంత టార్క్ మోయగలవు అనేది ప్లేట్ల సంఖ్య, వాటి వైశాల్యం, లైనింగ్ రాపిడి, వెనక పిస్టన్ మీద ఉన్న ఆయిల్ ప్రెషర్ మీద ఆధారపడుతుంది. మొదటి మూడూ అప్పటికప్పుడు మారవు. ప్రెషర్ మాత్రం క్షణక్షణం మారుతుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ క్యాన్ లైను (బండిలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైరు) మీద ఇంజిన్ కంప్యూటర్‌ని "ఇప్పుడు ఎంత టార్క్ ఇస్తున్నావు" అని అడిగి, వచ్చిన అంకెకి తగ్గట్టు సోలెనాయిడ్‌తో (కరెంటుతో ఆడే వాల్వ్) ప్రెషర్ పెడుతుంది. ఎప్పుడూ ఫుల్ ప్రెషర్ పెడితే మైలేజీ పడిపోతుంది, గేరు మారినప్పుడల్లా జర్క్ కొడుతుంది. అందుకని అవసరమైనంత, పైన కొంచెం మార్జిన్, అంతే పెడుతుంది.

ఇప్పుడు ట్యూనింగ్ బాక్స్ ఏం చేస్తుందో చూడండి. అది కామన్‌రైల్ ప్రెషర్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్యన కూర్చుని, ఉన్నదానికంటే తక్కువ ప్రెషర్ చూపిస్తుంది. ఈసీయూ పాపం తక్కువుంది అనుకుని పంపుని పెంచుతుంది. ఇంజెక్టర్ తెరిచే సమయం అంతే, వెనక ప్రెషర్ ఎక్కువ, కాబట్టి డీజిల్ ఎక్కువ పడుతుంది. ఇంజిన్ 420 ఎన్ఎం తీస్తోంది. ఈసీయూకి మాత్రం తాను 360 ఇస్తున్నాననే తెలుసు. గేర్‌బాక్స్‌కి కూడా 360 అనే చెబుతుంది. గేర్‌బాక్స్ 360కి సరిపడా ప్రెషరే పెడుతుంది. మార్జిన్ అక్కడే తినేసింది. కొత్త గేర్‌బాక్స్, చల్లటి ఆయిల్ అయితే నడిచిపోతుంది. 70-80 వేలు తిరిగి, ఆయిల్ పల్చబడి, సోలెనాయిడ్ కొద్దిగా అరిగి, మే నెలలో ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆ మార్జిన్ అవసరం పడుతుంది. అప్పుడు అది ఉండదు.

గేరు మారేటప్పుడు ఇంకో నష్టం ఉంది. ఒక క్లచ్ వదులుతూ ఇంకోటి పట్టుకునే ఆ అర సెకను లోపు సమయంలో గేర్‌బాక్స్ "టార్క్ తగ్గించు" అని ఇంజిన్‌ని అడుగుతుంది. బాక్స్ ఉన్న బండిలో తగ్గింపు కూడా తప్పుడు లెక్క మీదే జరుగుతుంది, అడిగినంత తగ్గదు. మిగిలిన టార్క్ ప్లేట్ల మీదే రాపిడిగా పోతుంది. ఇది ఒక్కరోజులో కనిపించదు. ఆరు నెలల తర్వాత 3 నుంచి 4కి మారేటప్పుడు ఆర్‌పీఎం రెండు మూడు వందలు ఊరికే పైకి లేచి దిగడం మొదలవుతుంది.

రీమ్యాప్ మంచిదా అంటే, చేసేవాడిని బట్టి. ఈసీయూ లోపల డీజిల్ పరిమాణాన్ని టార్క్‌గా మార్చే మ్యాపులు ఉంటాయి. డీజిల్ పెంచి, ఈ మార్పిడి మ్యాపులు కూడా సరిచేస్తే గేర్‌బాక్స్‌కి నిజమైన అంకె పోతుంది, ప్రెషర్ దానికి తగ్గట్టే పెరుగుతుంది. కొందరు కావాలనే సరిచెయ్యరు. నిజం చెబితే గేర్‌బాక్స్ తన పరిమితి దగ్గర ఇంజిన్‌ని తగ్గించమంటుంది, అప్పుడు కస్టమర్‌కి పికప్ రాలేదనిపిస్తుంది. కాబట్టి అబద్ధం అలాగే ఉంచేస్తారు. అది రీమ్యాప్ పేరుతో చేసిన ట్యూనింగ్ బాక్సే.

చేసేవాడిని ఇవి అడగండి: గేర్‌బాక్స్‌కి పోయే టార్క్ అంకె సరిచేస్తారా, గేరు మారేటప్పటి టార్క్ తగ్గింపుని ముట్టుకుంటారా, 1, 2 గేర్లలో టార్క్ పరిమితి ఎంత పెడతారు. మూడో దానికి జవాబు లేకపోతే అక్కడ నుంచి వచ్చేయండి. ఆగిన చోటు నుంచి లాగేటప్పుడు కన్వర్టరే టార్క్‌ని రెండింతల దగ్గరదాకా పెంచి గేర్‌బాక్స్ షాఫ్టుకి ఇస్తుంది. ఇంజిన్ దగ్గర 80 ఎన్ఎం పెంచితే అక్కడ నూట యాభై దాటిపోవచ్చు.

యాక్సిలరేటర్ పెడల్‌కి పెట్టే చిన్న కంట్రోలర్ల సంగతి వేరు. అవి టార్క్ పెంచవు, పెడల్ స్పందన మాత్రమే మారుస్తాయి. కిక్‌డౌన్లు (పెడల్ నొక్కగానే కింది గేరుకి దిగడం) ఎక్కువవుతాయి, ఇంతకంటే చెడుపు లేదు.

పలమనేరు కొండ

పైన చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. నేను వేడి లెక్క చెబుతా, ఎందుకంటే మన జిల్లాల్లో ఘాట్లూ ఎండా రెండూ ఉన్నాయి.

జారే క్లచ్‌లో పుట్టే వేడి అంటే టార్క్‌ని జారే వేగంతో గుణించడమే. 400 ఎన్ఎం దగ్గర లాకప్ 100 ఆర్‌పీఎం జారితే 4.2 కిలోవాట్లు. అంటే రెండు కిలోవాట్ల గీజర్లు రెండు, ఆ ఒక్క ప్లేటు మీద. లాకప్ అసలు పడకుండా కన్వర్టర్ తెరుచుకునే ఉంటే, ఇంజిన్ 2000, టర్బైన్ (కన్వర్టర్‌లో గేర్‌బాక్స్ వైపు తిరిగే చక్రం) 1600 ఆర్‌పీఎం తిరుగుతూ 300 ఎన్ఎం లాగుతున్నప్పుడు ఏడెనిమిది కిలోవాట్లు నేరుగా ఆయిల్‌లోకి పోతాయి. బండి ముందుకు కదలడానికి అందులో ఒక్క వాటు కూడా పనికిరాదు.

ఇప్పుడు ఘాట్ ఎక్కడానికి నిజంగా ఎంత పవర్ కావాలో చూడండి. మనకందరికీ తెలిసిన తిరుమల ఘాటే తీసుకుందాం. లోడుతో 2.5 టన్నుల బండి, సుమారు 700 మీటర్ల ఎత్తు, అరగంట ప్రయాణం. ఎత్తుకి ఎక్కించడానికి సగటున తొమ్మిదిన్నర కిలోవాట్లు, టైర్ల రాపిడికి ఇంకో నాలుగు. మొత్తం 14 చుట్టూ. మీ ఇంజిన్ 163 పీఎస్, అంటే 120 కిలోవాట్లు. ఎనిమిదో వంతు కూడా వాడటం లేదు. మలుపుల్లో, ఓవర్‌టేక్‌లో కాసేపు దీనికి మూడు నాలుగింతలు లాగుతారనుకోండి, అప్పటికీ సగం ఖాళీగానే ఉంటుంది. భాకరాపేట, మొగిలి ఘాట్లయినా ఇదే లెక్క.

మరి మందంగా ఎందుకుంది? టైర్లు. 255/60 ఆర్18 వ్యాసం 763 మి.మీ., 265/65 ఆర్18 అయితే 802. ఐదు శాతం తేడా. అన్ని గేర్లూ ఐదు శాతం పొడుగైనట్టే. పైగా చక్రం బరువు పెరిగింది. ఘాట్లో 5వ గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ మూలుగుతూ, లాకప్ సగం జారుతూ పోతుంది. గేర్‌బాక్స్‌కి దీనికంటే చెడ్డ పరిస్థితి లేదు. ఇలాంటి చోట రీమ్యాప్ చేసి 1500-1800 మధ్యన టార్క్ పెంచితే ఆ జారుడు ఇంకా పెరుగుతుంది.

ఖర్చు లేని మందు ముందు వాడి చూడండి. ఘాట్ మొదలవగానే లీవర్‌ని మాన్యువల్ వైపు తోసి 3లో పెట్టండి, ఆర్‌పీఎం 2000-2500 మధ్య ఉంచండి. మీ ఇంజిన్‌కి పూర్తి 360 ఎన్ఎం దొరికేది సరిగ్గా అక్కడే. ఆర్‌పీఎం ఎక్కువుంటే గేర్‌బాక్స్ పంపు ఎక్కువ ఆయిల్ తోస్తుంది, కూలర్‌లో ప్రవాహం బాగుంటుంది. దిగేటప్పుడు కూడా 2 లేదా 3. ఎత్తులో బండి ఆపితే బ్రేక్ మీద ఆపండి, యాక్సిలరేటర్‌తో నిలబెట్టొద్దు. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుసలో గంటలకొద్దీ జరుగుతా ఉంటే ఇది మరీ ముఖ్యం: గాలి తగలదు, కన్వర్టర్ జారుతూనే ఉంటుంది, బయట ఎండ 42.

కరకంబాడి ఫోర్‌బైఫోర్

వాల్వ్‌బాడీ అన్నా, బ్రేక్ పరీక్ష చేసినా. మీరన్నట్టే పెడల్ తాకగానే అదురు పోయింది, ఆర్‌పీఎం 150 దాకా లేచింది. నాలుగు తూర్లు చేస్తే నాలుగు తూర్లూ అంతే. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంతవరకు మార్చలేదు. సర్వీసులో "లైఫ్‌టైమ్ ఆయిల్" అని చెప్పినారు. ఇప్పుడు కన్వర్టర్ పోయినట్టేనా?

వాల్వ్‌బాడీ చిత్తూరు

పోయిందని ఇప్పుడే అనుకోవద్దు. ఆయిల్‌లో అదురు రాకుండా కలిపే మందులు ముందు అయిపోతాయి, లైనింగ్ తర్వాత పోతుంది. మొదటి దశలో పట్టుకుంటే ఆయిల్ మార్పుతోనే తగ్గే అవకాశం బాగా ఉంది. "లైఫ్‌టైమ్" అనే మాట సమతల రోడ్డు మీద ఖాళీగా తిరిగే బండికి చెల్లొచ్చు. లోడూ ఘాటూ ఉన్న బండికి 60,000 దాటనివ్వొద్దు. రీమ్యాప్ చేసిన బండికైతే 40,000.

ఆయిల్ ఏదో హ్యాండ్‌బుక్‌లో రాసిన స్పెసిఫికేషనే పోయండి. "అన్నిటికీ సరిపోతుంది" అనే డబ్బా వద్దు. లాకప్‌ని నెమ్మదిగా జారనిచ్చే ఈ తరం గేర్‌బాక్సులకి ఆయిల్ రాపిడి గుణమే ప్రాణం.

పాన్ నట్టు తీస్తే మొత్తం ఆయిల్‌లో సుమారు 40 శాతమే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. ఒక్కసారి మార్చి వదిలేస్తే 60 శాతం పాతదే. రెండోసారికి పాతది 36 శాతం, మూడోసారికి దాదాపు 22. కాబట్టి మూడు సార్లు, మధ్యలో రెండు మూడు వందల కి.మీ. తిప్పి చేయించండి. మెషీన్ పెట్టి ఒత్తిడితో కడగడం మీ బండికి వద్దు. ఎక్కడో కూర్చున్న మట్టి కదిలి వాల్వ్‌బాడీ (ఆయిల్‌ని క్లచ్‌లకి మళ్లించే భాగం) సందుల్లో ఇరుక్కుంటుంది.

మొదటిసారి పాన్ కూడా దించమనండి, ఫిల్టర్, గాస్కెట్ మార్చమనండి. పాన్ అడుగున అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలే. గోటికి తగిలే ఇనుప రవ్వలు, ఇత్తడి రంగు మెరుపులు, నల్లటి లైనింగ్ పొరలు కనిపిస్తే ఆయిల్ పోసి లాభం లేదు, విప్పాల్సిందే. రంగు చూసి నిర్ణయించొద్దు, వాసన చూడండి. మాడిన వాసన తెలిసిపోతుంది. ఆయిల్ గులాబీరంగు పాలలా చిక్కగా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లిపడి కూలెంట్ కలిసినట్టు. అప్పుడు బండిని స్టార్ట్ కూడా చేయొద్దు. కూలెంట్ తగిలితే ప్లేట్లకి లైనింగ్ అంటించిన జిగురు వదిలిపోతుంది.

లెవెల్ చూడటం దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. దిగిన ఆయిల్‌ని కొలపాత్రలో కొలిచి అంతే పోయాలి. తర్వాత బండి నాలుగు చక్రాలూ సమంగా లిఫ్టు మీద ఉండగా, ఇంజిన్ ఆడుతూ, బ్రేక్ తొక్కి లీవర్‌ని పీ నుంచి డీ దాకా ఒక్కొక్క చోట కొన్ని సెకన్లు ఆపి తిప్పాలి. స్కానర్‌లో ఆయిల్ వేడి చూస్తూ, సర్వీస్ మాన్యువల్ చెప్పిన వేడి దగ్గర ఓవర్‌ఫ్లో నట్టు తీయాలి. ఈ రకం గేర్‌బాక్సుల్లో అది 40 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ధారగా వస్తే తగ్గేదాకా ఆగి, చుక్కలు చుక్కలుగా మారినప్పుడు మూయాలి. ఎండలో నిలబెట్టిన బండిలో ఆయిల్ 50 దాటి ఉంటుంది, అప్పుడు చూస్తే ఎక్కువున్నట్టు కనిపించి తక్కువ దగ్గర మూసేస్తారు. మే నెలలో ఈ పని తెల్లవారి ఆరింటికి చేయించండి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే నురగ కడుతుంది. రెండింటికీ ఫలితం ప్రెషర్ పడిపోవడమే.

చివరగా స్కానర్‌తో గేర్‌బాక్స్ నేర్చుకున్న విలువలు చెరిపి మళ్లీ నేర్పించమనండి. వంద కి.మీ. దాకా గేర్లు కాస్త తేడాగా పడితే కంగారు పడొద్దు.

తిరుచానూరు హైలక్స్

మిగతా వాళ్ల మాటలు చదివితే రీమ్యాపే పాపం అన్నట్టుంది. నేను అంత దూరం పోను. ఆటోమేటిక్ అంటే బలహీనం అనేది కూడా తప్పు. మన దేశంలో అమ్మే హైలక్స్ చూడండి: ఇంజిన్ ఒకటే 2.8, 204 పీఎస్. మాన్యువల్‌కి టయోటా 420 ఎన్ఎం పెట్టి, ఆటోమేటిక్‌కి 500 ఇచ్చింది. అంటే కంపెనీయే ఎక్కువ టార్క్‌ని ఆటోమేటిక్‌కి అప్పగించింది.

టార్క్ శిఖరాన్ని పెంచకుండా, అది పడిపోయే చోటుని ముందుకు జరపమని అడగండి. వీ-క్రాస్‌లో 3600 ఆర్‌పీఎం దగ్గర 163 పీఎస్ అంటే అక్కడ టార్క్ 318 ఎన్ఎంకి పడిపోయింది. అదే చోట 350 నిలబెడితే 179 పీఎస్ వస్తుంది. శిఖరం 360 దాటలేదు, క్లచ్‌లకి కొత్త భారం లేదు, ఓవర్‌టేక్‌లో మాత్రం తేడా తెలుస్తుంది. పొగ, ఎగ్జాస్ట్ వేడి, టర్బో వేగం చూసుకుని చేయగలిగిన చేతికే ఇది ఇవ్వాలి. 1800 లోపు కంపెనీ మ్యాపుని ముట్టుకోవద్దని రాయించుకోండి. శిఖరం పెంచి తీరాలంటే 400 దగ్గర ఆపండి, 440 వద్దు.

వాల్వ్‌బాడీ చిత్తూరు

హైలక్స్ గారు చెప్పిన పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. ఒక్క సవరణ. 500 మోసే గేర్‌బాక్స్‌కి లోపల ప్లేట్లూ కన్వర్టరూ ఆ లెక్కకి కట్టినవి. అదే కుటుంబానికి చెందిన గేర్‌బాక్స్ అయినా 360 ఇంజిన్ వెనక పెట్టినదాంట్లో అన్ని ప్లేట్లు ఉంటాయని అనుకోకూడదు.

రేణిగుంట ఇన్సూరెన్స్

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకి యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగ కాలుష్యం తగ్గించే డీపీఎఫ్, ఈజీఆర్ తీసేస్తామనే ప్యాకేజీ జోలికి అసలు పోవద్దు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా పవర్ పెంచితే క్లెయిమ్ దగ్గర తగువు మొదలవుతుంది. వారంటీ మిగిలి ఉంటే, సర్వీసుకి ముందు పాత ఫైలు ఎక్కించుకుని పోతే తెలియదనే మాట నమ్మొద్దు, సాఫ్ట్‌వేర్ మార్చిన జాడ ఈసీయూలో కనిపెట్టొచ్చు.

పలమనేరు కొండ

ఆయిల్ మార్చాక కూడా కొలవకుండా ముందుకు పోవద్దు. క్యాన్ లైను చదివే మంచి అడాప్టర్ కొని, గేర్‌బాక్స్ ఆయిల్ వేడి, ఇంజిన్ ఆర్‌పీఎం, టర్బైన్ ఆర్‌పీఎం, గేరు, ఈ నాలుగూ రికార్డు చేయండి. ఒకే ఘాట్, ఒకే లోడు, ఒకే వేళ. ఆయిల్ వేడి 80-95 డిగ్రీల మధ్య నడిస్తే బాగున్నట్టు. 110 దాటితే కూలర్ ఆలోచించాలి. 120 దాటి నిలబడితే ఆపి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆడనివ్వండి. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు వాడే అంచనా. లాకప్ పడ్డాక ఇంజిన్, టర్బైన్ తేడా 30-50 ఆర్‌పీఎం లోపు ఉండాలి. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ ఆ తేడా పెరుగుతూ పోతే లాకప్ టార్క్‌ని మోయలేకపోతోంది. అలాంటప్పుడు ఈ బండిని 360 దగ్గరే ఉంచండి. స్కానర్‌లో తప్పు కోడ్ పీ0741 వస్తే లాకప్ పనితీరు, పీ0730 వస్తే గేరు నిష్పత్తి తప్పింది, అంటే లోపల ఏదో ప్యాక్ జారుతోంది. ఆ కోడ్ చెరిపి రీమ్యాప్‌కి తీసుకుపోతే చేసేవాడికి తెలియదు, గేర్‌బాక్స్‌కి తెలుస్తుంది.

కూలర్ పెట్టాల్సి వస్తే పలకలు పేర్చిన రకం, థర్మోస్టాట్ ఉన్నది, రేడియేటర్ లోపలి కూలర్ తర్వాత వరుసలో. పైపు గేర్‌బాక్స్ ఆయిల్‌కి తయారుచేసినదే కావాలి. డీజిల్ పైపు ఆ వేడికి గట్టిపడి పగులుతుంది. క్లాంపులు ఒక్కో చివర రెండు. ఏసీ కండెన్సర్‌కి పూర్తిగా అడ్డంగా బిగిస్తే ఏసీ చల్లదనం తగ్గుతుంది, కాబట్టి ఒక పక్కకి, కింది భాగంలో. పెట్టాక ఆయిల్ లెవెల్ మళ్లీ మొదటి నుంచి చూడాలి, కూలర్‌లోకి, పైపుల్లోకి పోయిన ఆయిల్ అంతా లెక్కకి వస్తుంది.

కరకంబాడి ఫోర్‌బైఫోర్

రీమ్యాప్ ఆపేసినా. సోమవారం పొద్దున ఆరింటికి పాన్ దించుతున్నారు. అయస్కాంతాల ఫొటో, మూడు ఆయిల్ మార్పులయ్యాక భాకరాపేట ఘాట్ రికార్డు, రెండూ ఇక్కడే పెడతా. పాత 255 టైర్లు ఇంట్లోనే ఉన్నాయి, ఒక తూరి వాటితోనూ ఎక్కి చూస్తా.